పిల్లి బొచ్చు: సోఫా, కార్పెట్, బట్టల శుభ్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లి ఉన్న ఇంట్లో బొచ్చు బొత్తిగా కనబడకుండా చేసే ఉపాయం లేదు. ఉందని చెప్పి ఎవరైనా ఏదైనా అంటగట్టబోతే కొనకండి. పని తగ్గించే పద్ధతి మాత్రం ఉంది. బొచ్చు పొడిగా ఉన్నప్పుడే రుద్ది పోగు చేయాలి, పోగైనదాన్ని ఎత్తేయాలి లేదా వాక్యూమ్‌తో లాగేయాలి, నీళ్ల పని ఆ తర్వాతే. చాలామంది ఈ వరసను తలకిందులు చేసి, చివరికి సోఫానో వాషింగ్ మెషీన్‌నో తిట్టుకుంటారు.

నిన్ననే అంతా దులిపాను. ఇవాళ మళ్లీ ఇంత బొచ్చు ఎక్కడిది?

పిల్లి ఒంటిమీద బొచ్చు ఒకే రకం కాదు. పైకి కనబడేది పొడవుగా, కాస్త గట్టిగా ఉంటుంది. దాని అడుగున సన్నగా, మెత్తగా, నొక్కులు నొక్కులుగా ఉండే లోపలి బొచ్చు ఉంటుంది. ప్రతి వెంట్రుకా కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు ఎదుగుదల లేకుండా అలాగే ఉంటుంది, ఆ తర్వాత ఊడి కొత్తదానికి చోటిస్తుంది. ఈ పని ఒంటిమీద ఎక్కడో ఒకచోట ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది.

నాక్కునేటప్పుడు పిల్లి ఊడిన బొచ్చులో చాలా భాగాన్ని తనే మింగేస్తుంది. దాని నాలుక మీద గొంతువైపు వంగిన చిన్న ముళ్లు ఉంటాయి కాబట్టి అంటుకున్నది ఉమ్మడం దానికి చేతకాదు. మిగిలినది దూకినప్పుడు, ఒళ్లు విరుచుకున్నప్పుడు, సోఫా అంచుకి ఒరుసుకున్నప్పుడు రాలుతుంది. నిన్న మీరు దులిపింది నిన్నటి బొచ్చు. ఇవాళ్టిది ఇవాళ వచ్చింది.

కొన్ని నెలల్లో మరీ ఎక్కువగా ఎందుకు ఊడుతుంది?

చలి, ఎండల కన్నా పగటి వెలుతురు ఎంతసేపుందన్నదే ముఖ్యం. పగలు పెరిగే రోజుల్లో, మళ్లీ తగ్గే రోజుల్లో పిల్లి పాత కోటు విడిచి కొత్తది వేసుకుంటుంది. ఎప్పుడూ ఇంట్లోనే, లైట్ల వెలుగులోనే ఉండే పిల్లికి ఆ లెక్క తప్పుతుంది. అది ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా రాలుస్తూ ఉంటుంది.

మనుషుల జుట్టు దులిపితే పోతుంది. పిల్లి బొచ్చు బట్టకి అంతలా ఎందుకు పట్టుకుంటుంది?

రెండు కారణాలు. వెంట్రుక మీద కంటికి కనబడని పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. మెత్తటి లోపలి బొచ్చు నేతలోని దారాల మధ్య దూరితే ఆ పొలుసులు అక్కడ పట్టు చిక్కించుకుంటాయి. ఆ మీద మనం కూర్చున్న కొద్దీ, కదిలిన కొద్దీ అది ఇంకా లోపలికి పోతుంది. అందుకే కుషన్ మీద పైన కనబడే బొచ్చు కన్నా, కూర్చునే చోట అణిగిపోయిన బొచ్చు తీయడం కష్టం.

రెండోది స్టాటిక్ కరెంట్. గాలి పొడిగా ఉన్నప్పుడు రాపిడికి బట్టలో, బొచ్చులో విద్యుదావేశం పోగవుతుంది, రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పాలిస్టర్, ఫ్లీస్, ఉన్ని కలిసిన స్వెటర్లు దీనికి పేరుపడ్డవి. నల్ల ఫ్లీస్ జాకెట్, తెల్ల పిల్లి ఒకే ఇంట్లో ఉంటే ఆ జాకెట్ మీద ఆశ వదులుకోవడమే మంచిది.

పొడిగా ఉన్నప్పుడే తీయమంటారు. ఇంకోచోట తడిచేత్తో రుద్దమంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, తడి ఎంత అన్నదే తేడా. చేయి కడుక్కుని గట్టిగా విదిలించాక మిగిలేంత చెమ్మ చాలు. ఆ చెమ్మకి స్టాటిక్ చచ్చిపోతుంది, వేళ్లకి పట్టు పెరుగుతుంది, వెంట్రుకలు ఒకదానికొకటి చుట్టుకుని ఉండ కడతాయి. అంతకు మించి తడిపితే బొచ్చు బట్టకి అతుక్కుపోయి కదలదు. స్ప్రే సీసాతో సోఫా అంతా తడిపి ఆ తర్వాత రుద్దేవాళ్లు పనిని రెట్టింపు చేసుకుంటున్నట్టే.

సోఫా మీద బొచ్చు తీయడానికి అన్నిటికన్నా పనికొచ్చేది ఏమిటి?

గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజు. ఖరీదైన పరికరాలు చాలానే దొరుకుతాయి, కొన్ని బాగానే పనిచేస్తాయి కూడా. కానీ ముందు దీన్ని వాడి చూడండి.

కుషన్లు తీసి పక్కన పెట్టండి. గ్లౌజు కొంచెం తడిపి విదిలించండి. సోఫా చేతి దగ్గర మొదలుపెట్టి, అరచేతిని బట్టకి ఆనించి, ఒకే దిక్కుకి, జానెడు జానెడుగా లాగండి. అటూ ఇటూ రుద్దకండి, అలా చేస్తే పోగైనది మళ్లీ పరుచుకుంటుంది. మూడు నాలుగు లాగుళ్లు అయ్యేసరికి, అంతదాకా శుభ్రంగా కనబడిన బట్ట మీద సన్నటి బూడిదరంగు వత్తులు లేస్తాయి. ఇంకో రెండుసార్లు లాగితే ఆ వత్తులన్నీ కలిసి ఒక ఉండ అవుతుంది. దాన్ని వేళ్లతో ఎత్తి చెత్తబుట్టలో వేయండి. గ్లౌజుకి అంటుకున్నది నీళ్ల బకెట్‌లో ముంచి కదిపితే వదిలిపోతుంది. సింకులో మాత్రం కడగకండి, బొచ్చు పైపులో సబ్బు జిడ్డుతో కలిసి గట్టిపడుతుంది.

తర్వాత వాక్యూమ్. మూలలకి, సందులకి సన్న మూతి ఉన్న గొట్టం, మిగతా చోట సోఫా బ్రష్. ఈ వరసలో చేస్తే వాక్యూమ్ పని సగానికి తగ్గుతుంది. ముందే వాక్యూమ్ పెడితే పైపై బొచ్చు వస్తుంది, నేతలో దిగినది అక్కడే ఉంటుంది. గ్లౌజు లేకపోతే గాజు తుడిచే రబ్బరు వైపర్, చెప్పుల అడుగున ఉండేలాంటి మెత్తటి రబ్బరు ముక్క, ఆఖరికి కొంచెం తడిపిన వంటింటి స్పాంజి కూడా ఇదే పని చేస్తాయి.

ఏదైనా ముందు సోఫా వెనకవైపు, ఎవరికీ కనబడని చోట రుద్ది చూడండి. దారం లేస్తున్నా, రంగు వదులుతున్నా ఆపేయండి.

వెల్వెట్, లెదర్ సోఫాలకీ ఇదేనా?

కాదు. వెల్వెట్‌కి నూగు ఒక దిక్కుకి వాలి ఉంటుంది. చేత్తో నిమిరితే తెలిసిపోతుంది, ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా. నున్నగా ఉన్న దిక్కుకే మెత్తటి బట్టల బ్రష్‌తో లాగండి. రబ్బరుతో గట్టిగా రుద్దితే నూగు అణిగి మచ్చలా కనబడుతుంది. లెదర్‌కి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు, బొచ్చు అందులో దిగదు కాబట్టి తుడిస్తే వచ్చేస్తుంది. కుట్ల వెంబడి, బటన్ల చుట్టూ మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులపండి. బంక టేపు రెంటికీ వద్దు.

రోజూ ఇంత పని చేయలేను. తగ్గించుకునే దారి లేదా?

ఉంది. దేనికన్నా బాగా పనిచేసేది కూడా అదే. పిల్లి ఇల్లంతా తిరిగినా పడుకునే చోట్లు మూడో నాలుగో ఉంటాయి. రెండు రోజులు గమనిస్తే తెలిసిపోతుంది. ఆ చోట్ల ఒక పాత దుప్పటో తువ్వాలో మడతపెట్టి వేయండి. సోఫాకి వెళ్లాల్సిన బొచ్చులో ఎక్కువ పాలు దుప్పటికి వెళ్తుంది, సోఫా ఉతకలేరు గానీ దుప్పటి ఉతకగలరు. వారానికోసారి దాన్ని జాగ్రత్తగా నాలుగు అంచులూ లోపలికి మడిచి, బయటికి తీసుకెళ్లి దులపండి.

దుప్పటి మార్చినప్పుడు పిల్లి అలిగి పక్క కుర్చీ ఎక్కుతుందేమోనని భయమైతే, రెండు దుప్పట్లు పెట్టుకోండి. ఉతికినదాన్ని పాతదాని మీద ఒక పూట ఉంచి, వాసన పట్టాక పాతది తీసేయండి. మనకి శుభ్రమైన వాసన దానికి పరాయి వాసన.

లింట్ రోలర్ మంచిదేనా?

బట్టలకి మంచిది, సోఫాలకి దండగ. రోలర్ జిగురుకి పైన ఉన్న వెంట్రుకలే అంటుకుంటాయి, అందుకని దాన్ని ఆఖరి పనికి ఉంచుకోండి. పెద్ద సోఫాకి మొదలుపెడితే రోలు సగం అక్కడే అయిపోతుంది. జిగురు లేకుండా, ఒకే దిక్కుకి పట్టే ఎర్రటి వెల్వెట్ లాంటి గుడ్డ అతికించిన బ్రష్‌లు ఉంటాయి. అవి ఎన్నాళ్లైనా వస్తాయి. ఎదురుదిక్కుకి తుడిస్తే పట్టిన బొచ్చు వదిలేస్తాయి. రోలర్ అందుబాటులో లేకపోతే పార్సెల్ టేపును జిగురు బయటికి వచ్చేలా చేతికి చుట్టుకోండి.

వాడేసిన టేపు ముక్కల్ని మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి. టేపు, దారం, రిబ్బన్ లాంటివి పిల్లి ఆడుతూ ఆడుతూ మింగేస్తుంది. పొడవాటి వస్తువు పేగుల్లో చిక్కుకుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది.

కార్పెట్‌లో దిగిపోయిన బొచ్చు ఎలా తీయాలి?

ముందు కార్పెట్ ఏ రకమో చూడండి. నూలు కొసలు కత్తిరించి నిలబెట్టినట్టు ఉంటే రబ్బరుతో ధైర్యంగా లాగొచ్చు. కొసలు లేకుండా చిన్న చిన్న ఉచ్చుల్లా మడిచి ఉంటే జాగ్రత్త. గట్టి పళ్లున్న పరికరం ఒక్క ఉచ్చులో చిక్కుకుందంటే దారం వరసంతా ఊడి వస్తుంది. వాటికి మెత్తటి రబ్బరే వాడండి, చేయి తేలిగ్గా ఉంచండి.

రబ్బరు పళ్ల చీపురు గానీ, నేల వైపర్ గానీ తీసుకుని, గోడ వైపు నుంచి మీ వైపుకి మూరెడు మూరెడుగా లాగండి. తోయకండి, లాగండి. అప్పుడే వాక్యూమ్ చేసిన కార్పెట్ మీద ఒకసారి ఇలా లాగి చూడండి. వైపర్ అంచున నమ్దాలా మందంగా, బూడిదరంగులో ఒక పట్టీ పేరుకుంటుంది. అందులో బొచ్చే కాదు, దారప్పీచు, దుమ్ము, ఎప్పుడో పోయిన పిల్లి బొమ్మ తోక కూడా ఉండొచ్చు. మొదటిసారి ఇది చూసినవాళ్లు వాక్యూమ్ పాడైందనుకుంటారు. పాడవలేదు, పీల్చే గాలికి పైకి లేవని బొచ్చు అది.

ఆ తర్వాత వాక్యూమ్ పెట్టండి, రెండు దిక్కుల్లో. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. నెమ్మదిగా, ముఖ్యంగా వెనక్కి లాగేటప్పుడు. గబగబా నాలుగుసార్లు తిప్పేకన్నా నిదానంగా ఒకసారి తిప్పితే ఎక్కువ వస్తుంది. గోడ వెంబడి, మంచం కాళ్ల దగ్గర, గుమ్మం దగ్గర సన్న గొట్టంతో పట్టండి, గాలికి కొట్టుకుపోయే బొచ్చంతా చేరేది అక్కడే. చేత్తో నేసిన ఉన్ని తివాచీలకి తిరిగే బ్రష్ ఆపేసి పీల్పు మాత్రమే వాడాలి. కుచ్చుల మీదికి వాక్యూమ్ పోనివ్వకండి.

షాంపూ చేయించడం, ఆవిరి పట్టడం లాంటివి బొచ్చంతా తీశాకే. ముందే తడిపితే అది పీచులా అడుగున పట్టేసి ఎండుతుంది.

ప్యూమిస్ రాయితో రుద్దితే వస్తుందంటారు?

వస్తుంది, దాంతోపాటు కార్పెట్ నూలు కూడా వస్తుంది. కారు అడుగున వేసే ముతక మ్యాట్‌లకి పనికొస్తుంది. ఇంట్లో తివాచీకి వద్దు.

పిల్లి బొచ్చుకి వాక్యూమ్ క్లీనర్ కొనాలంటే ఏం చూడాలి?

కార్పెట్లు ఉంటే కరెంటుతో తిరిగే బ్రష్ ఉండాలి, సోఫాకి అలాంటిదే చిన్న తల విడిగా ఉంటే మరీ మంచిది. ఇంట్లో ఎవరికైనా ఎలర్జీ ఉంటే హెపా ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. 0.3 మైక్రాన్ల నలుసుల్లో 99.97 శాతం ఆపేదాన్నే హెపా అంటారు. బ్యాగు లేని మోడళ్లలో డబ్బా ఖాళీ చేసేటప్పుడు దుమ్ము మళ్లీ మొహాన కొడుతుంది, ఎలర్జీ ఉన్నవాళ్లకి బ్యాగు ఉన్నదే నయం.

ఏది కొన్నా బ్రష్ రోలర్‌ని తరచూ చూసుకోవాలి. ప్లగ్ తీసేసి, తల తిప్పి, రోలర్‌కి చుట్టుకున్న బొచ్చుని పొడవునా కత్తెరతో కోసి లాగేయండి. రెండు చివర్ల బేరింగుల దగ్గర గట్టిగా బిగుసుకున్నది కూడా తీయండి. వాక్యూమ్ పీల్చడం లేదని రిపేరుకి ఇచ్చే ముందు ఇది, ఫిల్టరు, గొట్టం మూడూ చూడండి.

రోబో వాక్యూమ్ రోజూ పైపైన తిరిగేందుకు బాగుంటుంది. పిల్లి లిట్టర్ బాక్స్ బయట మలవిసర్జన చేసే అలవాటున్నదైతే మాత్రం, ఎవరూ ఇంట్లో లేనప్పుడు దాన్ని ఆన్ చేసి వెళ్లకండి. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.

టైల్స్, చెక్క నేల మీద ఊడ్చిన కొద్దీ బొచ్చు ఎగురుతోంది. ఏం చేయాలి?

చీపురు విసురుకి గాలి లేచి బొచ్చు ముందుకు పారిపోతుంది. రబ్బరు చీపురు గానీ, పొడి మైక్రోఫైబర్ మాప్ గానీ వాడండి. అంతా ఎత్తాకే తడిగుడ్డ. పొడి బొచ్చు ఉండగా తడి మాప్ వేస్తే అది చారలు చారలుగా నేలకి అంటి, ఆరాక మళ్లీ లేస్తుంది.

బట్టలు మెషీన్‌లో వేసి తీశాక కూడా బొచ్చు అలాగే ఉంటోంది. తప్పెక్కడ?

దాదాపు ఎప్పుడూ తప్పు ఒకటే, బొచ్చుతోనే లోపల వేయడం. తడిసిన బొచ్చు బట్టకి అతుక్కుంటుంది, ఒక చొక్కాది ఇంకో చొక్కాకి పాకుతుంది, కొంత డ్రమ్ముకి పట్టి తర్వాతి విడత బట్టల కోసం కాచుకుని కూర్చుంటుంది.

డ్రయ్యర్ ఉంటే, ఉతకడానికి ముందే పొడి బట్టల్ని అందులో వేసి వేడి లేకుండా పది నిమిషాలు తిప్పండి. బట్టలు దొర్లుతూ ఒకదాన్నొకటి తాకినప్పుడు వదులైన బొచ్చు గాలితో పోయి జాలీలో చేరుతుంది. జాలీ శుభ్రం చేసి, బట్టల్ని వాషింగ్ మెషీన్‌కి మార్చండి. డ్రమ్ము కుక్కి నింపకండి. బొచ్చు విడిపోయి నీళ్లతో పోవాలంటే బట్టలు కదలడానికి చోటుండాలి. రెండోసారి జాడించే ఆప్షన్ ఉంటే పెట్టండి. పిల్లి దుప్పట్లు, మీ ఆఫీసు బట్టలు ఒకే విడతలో వద్దు.

ఉతికాక తలుపు తెరిచి డ్రమ్ము ఆరనివ్వండి. ఆరిన బొచ్చుని పొడిగుడ్డతో తుడిస్తే వస్తుంది. ముందు తలుపున్న మెషీన్‌లో రబ్బరు రింగు మడతల్లో వేలు పెట్టి చూడండి, అక్కడ తడిబొచ్చు పేరుకుని వాసన వస్తుంది. కింద మూలన ఉండే డ్రెయిన్ ఫిల్టరు కూడా అప్పుడప్పుడు విప్పి కడగాలి.

ఇంకొకటి, ఇది బొచ్చుకన్నా ముఖ్యం. తలుపు మూసే ముందు ప్రతిసారీ లోపలికి తొంగిచూడండి. వెచ్చటి బట్టల మధ్య ముడుచుకుని పడుకోవడం పిల్లులకి ఇష్టం. డ్రమ్ముల్లో చిక్కుకుని చనిపోయిన పిల్లులు ఉన్నాయి.

డ్రయ్యర్ లేదు. అప్పుడు?

బట్టని బయట రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు వచ్చేలా విదిలించండి. తర్వాత బల్ల మీద పరిచి, చెమ్మ గ్లౌజుతో పైనుంచి కిందికి లాగి, ఆపైన మెషీన్‌లో వేయండి. ఆరేశాక తీసేటప్పుడు మళ్లీ విదిలించండి. గాలికి ఆరిన బట్ట మీద మిగిలిన బొచ్చు పట్టు వదులుతుంది, ఆ విదిలింపుకి చాలా రాలుతుంది.

చేత్తో ఉతికేవాళ్లు నానబెట్టిన నీళ్లని అలాగే బట్టల మీదుగా పారబోయకండి. తేలిన బొచ్చుని టీ వడగట్టే జల్లెడ లాంటిదానితో తీసి, బట్టల్ని పైకెత్తి, అప్పుడు నీళ్లు పారబోయండి. లేదంటే అడుగున పడ్డ బట్టే వడపోత గుడ్డ అవుతుంది.

ఉన్ని కోట్లు, పట్టు బట్టలు?

ఉన్నికి గట్టి కుచ్చుల బట్టల బ్రష్, పైనుంచి కిందికి. పట్టుకి మెత్తటి బ్రష్ లేదా చెమ్మ తగలని మైక్రోఫైబర్ గుడ్డ, కొన్ని పట్టు బట్టల మీద నీటి చుక్క కూడా మరక వేస్తుంది. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేముందు బొచ్చు మీరే తీసి ఇవ్వండి.

గడపలో చెప్పులేసుకుంటుంటే నల్ల ప్యాంటు నిండా బొచ్చు కనబడింది. టైమ్ లేదు.

చేయి కొంచెం తడిపి, నడుము నుంచి మడమ దాకా ఒకే దిక్కుకి గట్టిగా నాలుగుసార్లు లాగండి. మడమ దగ్గర పోగైనదాన్ని గిల్లి తీసేయండి. వెనకవైపు మర్చిపోకండి, కూర్చున్నది అటే. రేపటి నుంచి పిల్లికి తిండి పెట్టడం, ముద్దుచేయడం అయ్యాకే బయటి బట్టలు వేసుకోండి. బీరువా తలుపు మూసి ఉంచండి. ఓరగా తెరిచి ఉన్న బీరువా పిల్లికి ఆహ్వానపత్రిక.

వినెగర్, బేకింగ్ సోడా, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఎంతవరకు పనికొస్తాయి?

బేకింగ్ సోడా వాసనకి పనికొస్తుంది, బొచ్చుకి కాదు. కార్పెట్ మీద గుమ్మరిస్తే ఆ సన్నటి పొడి వాక్యూమ్ ఫిల్టరుని మూసేస్తుంది. తెల్ల వినెగర్ జాడింపులో కొంచెం వేస్తే సబ్బు అవశేషాలు పోయి బట్ట మెత్తబడుతుంది. బొచ్చు విషయంలో దాని గొప్ప తక్కువే. పైగా రోజూ వాడితే మెషీన్ రబ్బరు భాగాలకి మంచిది కాదు. బ్లీచ్‌తో వినెగర్ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది, అది విషం.

సాఫ్ట్‌నర్ స్టాటిక్‌ని తగ్గిస్తుంది కాబట్టి బట్టలకి కొంత లాభం ఉంది. తువ్వాళ్లకి, మైక్రోఫైబర్ గుడ్డలకి వాడితే అవి నీళ్లు పీల్చడం మానేస్తాయి. సాఫ్ట్‌నర్‌ని నీళ్లలో కలిపి సోఫా మీద స్ప్రే చేయమని ఒక చిట్కా తెగ తిరుగుతుంటుంది. దయచేసి చేయకండి. అందులోని రసాయనాలు పిల్లి బొచ్చుకి అంటుతాయి, అది నాక్కుంటే నోట్లో, గొంతులో పుండ్లు పడొచ్చు. డ్రయ్యర్‌లో వేసే సువాసన షీట్లనీ పిల్లికి అందకుండా పెట్టాలి.

పిల్లి తిరిగే చోట ఇంకేం వాడకూడదు?

ఫినాల్ ఉన్న క్రిమిసంహారకాలు. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడేవాటిలో చాలావరకు ఇవే ఉంటాయి. అలాగే టీ ట్రీ, యూకలిప్టస్, నిమ్మజాతి నూనెలు. ఇలాంటివాటిని విరిచి బయటికి పంపే గ్లూకురానిడేషన్ అనే ప్రక్రియ పిల్లి కాలేయంలో బలహీనం. మనకి ఏమీ కానిది దాని ఒంట్లో పేరుకుంటుంది. సోఫా, నేల తుడవడానికి వాసన లేని తేలికపాటి సబ్బునీళ్లు చాలు, అవి కూడా ఆరాకే పిల్లిని రానివ్వండి.

పిల్లిని ఎన్నాళ్లకోసారి దువ్వాలి?

పొట్టి బొచ్చు పిల్లికి వారానికి ఒకటి రెండుసార్లు, పొడవు బొచ్చుదానికి రోజూ. దువ్వెనలోకి వచ్చిన ప్రతి వెంట్రుకా సోఫాకి చేరనిదే. బాత్రూమ్‌లోనో పాత దుప్పటి మీదో కూర్చోబెట్టి, బొచ్చు వాలిన దిక్కుకే దువ్వండి. రబ్బరు బ్రష్‌తో మొదలుపెట్టండి, దాన్ని పిల్లులు నిమరడం అనుకుని ఊరుకుంటాయి. చివర్లో చెమ్మచేత్తో వీపు మీద రెండుసార్లు నిమిరితే వదులుగా మిగిలింది కూడా వచ్చేస్తుంది. పొట్ట, తోక దగ్గరికి తొందరపడి వెళ్లకండి. తోక అటూ ఇటూ కొట్టడం మొదలైందంటే ఇవాళ్టికి సెలవు.

బ్లేడు లాంటి పళ్లున్న దువ్వెనలు లోపలి బొచ్చుని బాగా లాగుతాయి, కానీ ఒకేచోట పదేపదే లాగితే పై బొచ్చు తెగి, చర్మం గీసుకుపోతుంది. ఉండకట్టిన జడల్ని కత్తెరతో కోయకండి. పిల్లి చర్మం పలచన, జడతోపాటు పైకి లేచి వస్తుంది, కోసేదాకా తెలియదు. అది పశువైద్యుడికో అనుభవం ఉన్న గ్రూమర్‌కో వదిలేయండి.

బొచ్చు గొరిగించేస్తే పీడా పోతుంది కదా?

పోదు. పొడవాటి వెంట్రుకల బదులు సూదుల్లాంటి పొట్టి వెంట్రుకలు రాలతాయి, అవి నేతలోంచి తీయడం ఇంకా కష్టం. ఎండ నుంచి, చలి నుంచి కాపాడే పొర కూడా పోతుంది. డాక్టరు చెప్తే తప్ప వద్దు.

ఎంత రాలితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి?

ఎంత రాలిందన్నది కాదు, చర్మం కనబడుతోందా అన్నది చూడండి. ఒకచోట బట్టతలలా అయినా, గుండ్రటి పొలుసుల మచ్చలు వచ్చినా, పుండ్లు పడినా, పొట్టమీద బొచ్చు పోయేంతగా నాక్కుంటున్నా చూపించాలి. గుండ్రటి మచ్చలు తామర కావచ్చు, అది మనుషులకీ అంటుతుంది. ఒంటిమీద పురుగులు, ఎలర్జీ, నొప్పి, టెన్షన్ ఇవన్నీ పిల్లిని అతిగా నాక్కునేలా చేస్తాయి. వయసు మళ్లిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోతూ, బొచ్చు కళ తప్పితే థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు.

బొచ్చంతా తీసేస్తే ఎలర్జీ తగ్గుతుందా?

కొంతే. ఎలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు. పిల్లి లాలాజలంలో, చర్మపు నూనె గ్రంథుల్లో తయారయ్యే ప్రొటీన్లు, వాటిలో ముఖ్యమైనది ఫెల్ డి 1. నాక్కున్నప్పుడు అది బొచ్చుకి పూతలా అంటి, ఎండి, పొడిలా రాలుతుంది. ఆ నలుసులు ఎంత చిన్నవంటే కొన్ని గంటల తరబడి గాలిలోనే ఉంటాయి. పిల్లి ఇల్లు విడిచి వెళ్లాక కూడా నెలలపాటు పరుపుల్లో, కార్పెట్లలో మిగులుతాయి. పొట్టి బొచ్చు పిల్లిని తెచ్చుకుంటే సమస్య ఉండదన్న మాట అందుకే నిలవదు.

ఎలర్జీ ఉన్నవాళ్లు పడకగదిలోకి పిల్లిని రానివ్వకపోవడం, దుప్పట్లు వారానికోసారి ఉతకడం, హెపా ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టడం పనికొస్తాయి. ఆస్తమా ఉంటే దులిపే పని, పిల్లిని దువ్వే పని ఇంట్లో ఇంకొకరు చేయాలి.

ఫ్యాన్లు, ఏసీ, కంప్యూటర్ సంగతి?

ఫ్యాను రెక్కల మీద చేరిన బొచ్చు, దుమ్ము ఆన్ చేయగానే శుభ్రం చేసిన సోఫా మీదే పడతాయి, కాబట్టి ఫ్యాను ముందు తుడవాలి, సోఫా తర్వాత. ఏసీ ఫిల్టరు జాలీని పిల్లి లేని ఇంటికన్నా తరచుగా కడగాలి. ల్యాప్‌టాప్ వేడిగా ఉంటోందంటే గాలి బయటికొచ్చే సందులు చూడండి.

కొత్త సోఫా కొంటున్నాం. ఏ బట్ట మేలు?

నేత దగ్గరగా, నున్నగా ఉన్నది. గోటితో గీరి చూడండి, గోరు దారంలో చిక్కుకుందంటే పిల్లి గోరూ చిక్కుకుంటుంది, బొచ్చూ దిగుతుంది. ఉచ్చులుగా లేచిన నేత, కుచ్చులు కుచ్చులుగా ఉండే షెనీల్, ముతక ట్వీడ్ వద్దు. లెదర్ మీద బొచ్చు నిలవదు గానీ గోళ్ల గీతలు నిలుస్తాయి. కవర్లు జిప్పు తీసి ఉతుక్కునేలా ఉంటే అది చూసి తీసుకోండి. రంగు విషయంలో షోరూమ్ వాళ్ల సలహా వినకండి, ఇంట్లో పిల్లి ఏ రంగులో ఉందో దానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. రెండు రంగుల రెండు పిల్లులుంటే, ఎక్కువగా సోఫా ఎక్కేదాని రంగు.